కోటరేవులో కళ్ళు లేని అమ్మలు

కోటరేవు వెళ్ళి నీ మనవణ్ణి చూసి రా, నువ్వు వచ్చి ఏం చెబితే అదే మాకు లెక్క అని నూకయ్య అన్నప్పుడు నేను వెంటనే సరే అనలేదు. నూకయ్య మా పేటకి పెద్ద. వరసకి నాకు బావ. ఉన్నట్టుండి నా మాట మీద ఆయనకి ఇంత నమ్మకం ఎందుకు పుట్టిందా అని ముందు ఆయన్నే అనుమానించాను. రేపు మాట తేడా వస్తే మనవడితో పాటు నన్నూ పట్టుకోవచ్చని కాబోలు అనుకున్నాను.

సంగతి చెప్పాలి. మాది గండిపేట, సముద్రం ఒడ్డు. అందరం వేటకి పోయేవాళ్ళమే. మాఘమాసంలో అమ్మవారి పండుగ చేస్తాం. ఒక్కో ఇంటిపేరు వాళ్ళకి ఒక్కో అమ్మ. వడ్రంగి ఉపవాసం ఉండి జానెడు కర్రబొమ్మ చెక్కి ఇస్తాడు. పసుపు రాసి, కాటుకతో కళ్ళు పెట్టి, కోళ్ళు కోసి, ఆఖరి రోజు అరటిబోదెల తెప్ప మీద నిలబెట్టి అల దాటించి సాగనంపుతాం. ఊళ్ళో రోగాలన్నీ ఆవిడ పట్టుకుపోతుంది. పంపినవాడు వెనక్కి తిరిగి చూడకుండా ఇంటికి రావాలి. ఒకసారి పంపిన అమ్మని మళ్ళీ ముట్టకూడదు, పట్టుకురాకూడదు.

వెనక్కి చూడం కాబట్టి, ఆ బొమ్మలు ఎటు పోతాయో మాలో ఎవరికీ తెలీదు.

తిత్లీ తుఫాను వచ్చిన తరవాతి ఏడు, పండుగ అయ్యాక కూడా పిల్లలకి జ్వరాలు తగ్గలేదు. ఎండుచేపలు అమ్ముకోడానికి కోటరేవు వెళ్ళే దేముడమ్మ తిరిగొచ్చి, అక్కడ ఒక కొట్లో మన అమ్మల్ని వరసగా నిలబెట్టి అమ్ముతున్నారు, ఆ కొట్లోనే శివాజీ పని చేస్తున్నాడు అని చెప్పింది. ఆ మర్నాడు, మా పేటలో పూనకం వచ్చే అసిరమ్మ మీదకి అమ్మ వచ్చింది. "నన్ను పంపేరు గాని పోనిచ్చేరా? బల్లెక్కించి రేటు కట్టేరు!" అని జుట్టు విరబోసుకుని అరిచింది. దేముడమ్మ చెప్పక ముందు అమ్మకి ఈ సంగతి ఎందుకు తెలియలేదో నాకు అర్థం కాలేదు. పైకి అనలేదు.

శివాజీ నా కొడుకు కొడుకు. వాళ్ళ నాన్న గుజరాత్‌లో వెరావల్ బోట్ల మీద ఉన్నాడు, ఇంటికి పెద్దవాణ్ణి నేనే. శివాజీ వేట మానేసి ఏడాది అయింది. కోటరేవులోనే ఉంటున్నాడు. ఏం పని రా అంటే "సెక్కపని" అంటాడు, అంతకు మించి చెప్పడు. సాగనంపిన అమ్మల్ని ఎత్తుకుపోయి అమ్ముకున్నాడని తేలితే వెలి. వాణ్ణి ఎవరూ పడవ ఎక్కించుకోరు. మా గుమ్మం ఎవరూ తొక్కరు. మా ఇంట్లో చావు వచ్చినా మోసేవాళ్ళు రారు.

అందుకని వెళ్ళాను. చదువుకున్న పిల్ల పక్కన ఉంటే మంచిదని శివాజీ చెల్లెలు గౌరిని వెంటబెట్టుకున్నాను. బస్సులో ఆ పిల్ల ఫోను చూసుకుంటూనే ఉంది.

"అన్నకి గాని ఫోన్ సేసినావేటే?" అన్నాను.

"నానేటీ సెప్పనేదు తాతా."

"మరెవుల్తో నవ్వుతన్నావు?"

"వీడియో తాతా. కోతి."

చూపించింది. నిజంగానే కోతి. అయినా కోతి అయిపోయాక ఎవరితో మాట్లాడిందో నాకెలా తెలుస్తుంది?

కోటరేవు నా చిన్నప్పుడు పాడుబడిన ఊరు. దొరలు ఓడల్లో సరుకు ఎగుమతి చేసిన రేవు. గిడ్డంగుల్లో గబ్బిలాలు ఉండేవి. చీకటి పడ్డాక మా నాన్న అటు పడవ పెట్టేవాడు కాదు. ఇప్పుడు ఊరి మొదట్లోనే కార్లు ఆపే చోటు, తాడు కట్టి ఒక మనిషి. గిడ్డంగులకి తెల్లసున్నం, తలుపులకి నీలం రంగు. వీధి పొడవునా రాళ్ళు పరిచారు. ఒక గిడ్డంగిలో పొందూరు ఖద్దరు, ఒకదాంట్లో బుడితి ఇత్తడి సామాను, ఒకదాంట్లో సబ్బులు. సబ్బులు అమ్మడానికి అంత పెద్ద గిడ్డంగి ఎందుకో తెలీదు. విశాఖపట్నం నుంచి వచ్చినవాళ్ళు గోడలకి ఆనుకుని ఫోటోలు దిగుతున్నారు. ఆ గోడల మీద పెచ్చులు ఊడిన చోట కూడా సున్నం కొట్టకుండా వదిలేశారు. డబ్బులు చాలక కాదట, అలా ఉంటేనే పాతగా ఉంటుందట. గౌరి చదివి చెప్పింది, అక్కడ బోర్డు ఉంది. పాతగా కనబడాలని ఇంత పాటు పడేవాళ్ళ దగ్గర జాగ్రత్తగా ఉండాలి అనుకున్నాను.

గౌరి ఆకలేస్తోందంటే ఒక భోజనశాలలో కూర్చున్నాం. పైకప్పు నుంచి వలలు వేలాడదీశారు. చెయ్యెత్తి పట్టుకుని చూశాను. ఒక్కసారి కూడా నీళ్ళలో పడని వల. వంజరం వేపుడు తెచ్చిన కుర్రాణ్ణి అడిగాను.

"ఈ సేప ఎప్పుటిది నాయనా?"

"ఫ్రెష్ సార్. ఇయ్యాల పొద్దున్నదే."

"నిన్నట్నుంచి గాలి. ఈ తీరంలో ఒక్క పడవా కదల్నేదు. నువ్వొక్కడివే ఎల్లినావేటి?"

వాడు నవ్వి, "నానేటి సేసీది తాతా, అలగే సెప్పమన్నారు" అన్నాడు. ఆ ఊళ్ళో మొదటి నిజం వాడే చెప్పాడు. చేప తిన్నాను. బాగానే ఉంది.

శివాజీ పని చేసే కొట్టు వీధి చివర. గౌరి దాన్ని ఆర్ట్ గేలరీ అంది. లోపల చల్లగా, గుడిలో ఉన్నట్టు ఎవరూ గట్టిగా మాట్లాడకుండా ఉంది. గోడలకి పటాలు. ఒక పటంలో సముద్రం ఎర్రగా ఉంది. ఎందుకని అడగలేదు. అడిగితే ఏదో చెబుతారు, చెబితే నమ్మాలి.

రెండో గదిలోకి అడుగు పెట్టి ఆగిపోయాను.

తెల్లటి బల్ల మీద, పైనుంచి దీపాలు పడుతుండగా, వరసగా అమ్మలు. మావే. అదే జానెడు ఎత్తు, అదే పెద్ద తల, నడుం దగ్గర అదే నొక్కు, పొట్ట మీద పెట్టుకున్న చేతులు. ముఖాలు మాత్రం నున్నగా ఉన్నాయి. ఒక్కదానికీ కళ్ళు లేవు.

ఉప్పునీళ్ళలో నానితే కాటుక ఎన్నాళ్ళుంటుంది? కళ్ళు కడుక్కుపోయాక ఎత్తుకొచ్చాడు, ఎండబెట్టాడు, నున్నగా రుద్ది నిలబెట్టాడు. అంతే అనుకున్నాను. గౌరి దగ్గరగా చూడాలని చెయ్యి చాపింది.

"ముట్టకే!" అని అరిచాను.

అందరూ తిరిగి చూశారు. లోపల్నుంచి పెద్దావిడ ఒకామె వచ్చింది. జరీ అంచు నేతచీర, వెండి జుట్టు. పేరు ప్రసూనాంబ. విజయనగరంలో సంగీతం నేర్పే ఇంటి మనిషి అని, ఆ గేలరీ ఆవిడదేనని తరవాత తెలిసింది.

"పరవాలేదు బాబూ, ముట్టుకోవచ్చు. పిల్లల్ని కూడా ముట్టుకోనిస్తాం."

నేను ఎవరినో చెప్పలేదు. "ఇయ్యి ఎక్కడ్నుంచి తెచ్చినారమ్మా?" అన్నాను.

"తేవడం కాదండి. మా దగ్గర ఒకబ్బాయి చెక్కుతాడు."

"అన్నీ ఆడే సెక్కీసినాడా?"

"అన్నీ."

"మీరు సూస్తుండగా సెక్కినాడా, సెక్కినానని తెచ్చి ఇచ్చినాడా?"

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "మీరు పోలీసు వారా ఏమిటి?"

"కళ్ళేవమ్మా ఈటికి?"

"అదే నేనూ అడుగుతాను. కొనేవాళ్ళూ అడుగుతారు. ఎంత చెప్పినా పెట్టడు. అదేం మొండితనమో!"

ఆ మాటతో నా అనుమానం ఇంకా గట్టిపడింది. చెక్కడమే వస్తే అడిగిన కళ్ళు చెక్కడానికేం? ఇంతలో వెనక తలుపు తీసుకుని శివాజీ వచ్చాడు. వంటి నిండా కర్రపొట్టు. నన్ను చూసి నిలబడిపోయాడు.

"తాతా! నువ్వేటి ఇక్కడ?"

గౌరి ముఖం చూశాను. అది నాకంటే ఎక్కువ ఆశ్చర్యపోయినట్టు నిలబడింది. అంత ఆశ్చర్యం అక్కర్లేదు కదా అనుకున్నాను.

"ఇయ్యి మనయ్యేనేట్రా?" అన్నాను.

"నా సేత్తో సెక్కినవి."

"వడ్రంగోడి కడుపున పుట్టినావేటి? ఎప్పుడు నేర్సినావు?"

"ఇక్కడే. పాత తలుపులు బాగుసెయ్యడానికి వచ్చిన మేస్త్రీ దగ్గర."

"కళ్ళేవి? సముద్రం కడిగీసిందా?"

వాడికి అప్పుడు అర్థమైంది. ముఖం మాడిపోయింది. కోపమో భయమో పోల్చుకోలేకపోయాను.

"కళ్ళెడితే అమ్మయిపోద్ది గదా తాతా. కళ్ళు నేకపోతే వట్టి కర్ర. నాను కర్ర అమ్ముతన్నాను. అమ్మకి రేటు కడతానేటి?"

మాట బాగుంది. కాని మాట బాగుంటే నేను త్వరగా నమ్మను. "సెక్కు, సూస్తాను" అన్నాను.

వెనక వసారాలో కూర్చుని ఒక ముక్క తీసుకున్నాడు. ఉలి పట్టడం చూశాను. వల అల్లేటప్పుడు ఎలా నాలిక పంటి కింద పెట్టుకునేవాడో అలాగే పెట్టుకున్నాడు. తల వచ్చింది, మెడ వచ్చింది, నడుం దగ్గర నొక్కు పడింది. చెక్కడం వచ్చు, అది అబద్ధం కాదు. కాని ఒకటి చెక్కినవాడు మిగతావి కూడా చెక్కాడని ఏముంది? నేర్చుకోడానికి ముందు ఒకదాన్ని చూసి ఉండాలి కదా?

"దేన్ని సూసి నేర్సినావు?" అన్నాను.

శివాజీ ఉలి ఆపాడు.

ప్రసూనాంబ అంది, "ఇంకొకటుంది బాబూ. అది మాత్రం అమ్మనివ్వడు. లోపలి గదిలో పెట్టుకుంటాడు. తెస్తానుండండి."

"అమ్మగారూ, వద్దు," అన్నాడు శివాజీ. ఆవిడ అప్పటికే లోపలికి వెళ్ళిపోయింది.

ఆవిడ చేతుల్లో పెట్టుకుని తెచ్చింది. బూడిదరంగు తిరిగిన పాతకర్ర. చేతుల మడతల్లో పసుపు ఇంకా కనబడుతోంది. ఒక కంటి చోట కాటుక మరక. ఇది చెక్కి అమ్మే కర్ర కాదు. మేం నెత్తిన పెట్టుకుని, డప్పులతో సాగనంపిన అమ్మ.

లేచి నిలబడ్డాను. కూర్చున్న చోట ఉండలేకపోయాను. చెప్పులు విడిచాను. వెలి, మోసేవాళ్ళు లేని చావు, వెరావల్ నుంచి వచ్చే కొడుక్కి నేనేం చెప్పాలి, అన్నీ ఒకేసారి కళ్ళముందుకి వచ్చాయి. శివాజీ తల వంచుకున్నాడు.

"దొంగ నా కొడకా," అన్నాను. "ఒడ్డున ఎత్తీసినావా?"

"నాను మన ఒడ్డున తియ్యనేదు తాతా."

"మరి ఎగిరొచ్చిందా?"

దాన్ని ముట్టుకుని చూడాలని ఉంది. ముట్టకూడదు. ఆ సంగతి తెలియక ప్రసూనాంబ దాన్ని పిల్లని తిప్పినట్టు బోర్లా తిప్పింది. "అందంగానే ఉంటుంది గాని అడుగున చూడండి. ఈ గుల్లలు ఎంత గోకినా ఊడలేదు. బల్లకి గీతలు పడుతున్నాయి."

వంగి చూశాను. పాదాల అడుగున, వీపు మీద, తెల్లగా గుత్తులు గుత్తులుగా గుల్లలు.

పడవ అడుగున పట్టే గుల్లలే అవి. ఏళ్ళ తరబడి కత్తితో గీకినవాణ్ణి, నాకు తెలుసు. ఒడ్డున ఇసకలో పడున్న కర్రకి అవి పట్టవు. నీళ్ళలో, అదీ చాలా రోజులు తేలితేనే పడతాయి. మాఘం దాటాక మా తీరంలో నీరు ఉత్తరానికి లాగుతుంది. వల వదిలేస్తే కోటరేవు వైపే కొట్టుకొస్తుంది. అంటే ఈవిడ అల దాటింది. సముద్రం మీద ప్రయాణం చేసి వచ్చింది. మేం పంపినట్టే వెళ్ళింది.

"ఇక్కడ పాత దీపస్తంభం కాడ రాళ్ళకి పట్టిన నాసులో పడుంది తాతా," అన్నాడు శివాజీ. "కుక్క లాగుతన్నాది. కాలట్టుకుని కొరుకుతన్నాది. ఒగ్గీసి వచ్చీమంటావేటి?"

ఏ పెద్దా ఆ సంగతి ఎప్పుడూ చెప్పలేదు. వెనక్కి చూడకూడదని చెప్పారు గాని, ఎదురుగా వస్తే ఏం చెయ్యాలో చెప్పలేదు.

తిరుగు బస్సులో గౌరి నా చెవిలో అంది, "తాతా, ఆ ఒక్కదాని ఊసు ఎత్తకు. కళ్ళు లేని బొమ్మలు, అన్నే సెక్కినాడు అని సెప్పు. అయిపోద్ది."

"దేముడమ్మ మల్లీ ఎల్తాది. ఆ గదిలోకి తొంగి సూస్తాది. అప్పుడేటి సెప్తాను?"

"అది లోపలి గది తాతా."

"దేముడమ్మకి లోపలి గదేటి, బైటి గదేటి?"

గౌరి నవ్వింది. నేను నవ్వలేదు.

మర్నాడు మధ్యాహ్నం పేటవాళ్ళంతా పడవల నీడలో కూర్చున్నారు. నూకయ్య వల బాగుచేస్తూనే విన్నాడు. ఉన్నదంతా చెప్పాను. కళ్ళు లేనివాటి గురించి చెప్పాను, వాడు చెక్కడం చూశానని చెప్పాను, లోపలి గదిలో ఉన్న ఒక్కదాని గురించి, గుల్లల గురించీ చెప్పాను.

దేముడమ్మ మూతి తిప్పింది. "మనవడు గదా, అలగే సెప్తాడు. గుల్లలు అంటించీసినాడేమో ఆ గుంటడు!"

"గుల్లల్ని ఏటెట్టి అంటిస్తారే? నువ్వోపాలి అంటించి సూపించు," అన్నాను.

"నన్నంటావేటి మావా? సూసినది సెప్పినాను. నా కళ్ళు మంచియే."

"నీ కళ్ళు మంచియేనే. ఆ బొమ్మలకి కళ్ళు నేవని మాత్రం సెప్పనేదు."

కొందరు నవ్వారు. కొందరు నవ్వలేదు, నన్నే చూస్తున్నారు. నిన్నంతా నేను కోటరేవు ఊరంతటినీ ఎలా చూశానో, వీళ్ళు ఇప్పుడు నన్ను అలా చూస్తున్నారు. నిజం చెప్పిన మనిషి ముఖం ఎలా పెట్టుకోవాలో నాకు తోచలేదు.

అంతవరకూ మాట్లాడకుండా కూర్చున్న అసిరమ్మ నోరు విప్పింది. మామూలు గొంతుతోనే. "అమ్మ ఆ ఊరెల్లింది. ఎల్లడానికే గదా పంపినాం. తప్పేటి నేదు. గాని ఆ ఊరోల్లు ఆవిడికి ఏటైనా ఎట్టినారా?"

పక్క ఊరి అమ్మ మన పొలిమేరకి వస్తే చలిదన్నం, ఉల్లిపాయ, పసుపునీళ్ళు పెట్టి ఆదరించాలి. పెట్టకపోతే ఆకలితో, వచ్చిన దారినే పుట్టింటికి తిరిగి వస్తుంది. వస్తే ఒక్కర్తే రాదు, పట్టుకుపోయిన రోగాలన్నీ పట్టుకొస్తుంది. ఇది మాకు అందరికీ తెలుసు. కోటరేవులో అంతసేపు ఉండి నేను అడగని మాట అదొక్కటే.

నూకయ్య వల కింద పెట్టాడు. "బావా, ఏటెట్టినారు?"

"తెలీదు," అన్నాను.

"ఎట్టకుండా అద్దాల కొట్లో ఆకలికి నిలబెట్టినాడంటే, అమ్ముకున్నదానికంటే పెద్ద తప్పు. ఫోన్ సెయ్యమను గుంటని."

గౌరి ఫోను చేసి గట్టిగా వినబడేలా పెట్టింది. నూకయ్యే అడిగాడు.

"ఒరే శివాజీ, నీ కాడున్న అమ్మకి ఏటైనా ఎడతన్నావా?"

"ఎడతన్నాను తాతా. పొద్దుట నా కేరేజీ ఇప్పినప్పుడు ముందు ఆవిడికే."

"రోజూనా?"

"రోజూని. సెలవొచ్చినా ఎల్తాను."

నూకయ్య తల ఊపి, వెలి మాట లేదు, ఇంక ఎవరూ ఎత్తకండి అన్నాడు. జనం లేచారు. దేముడమ్మ కూడా గంప ఎత్తుకుంది. అసిరమ్మ మాత్రం కదలకుండా నా వైపే చూసింది.

"నీకేటనిపించింది సూరయ్య బావా?"

నాకు అనిపించింది చెప్పలేదు. వాడు అడగగానే చెప్పేశాడు. ఒక్క క్షణం ఆలోచించలేదు. చిన్నప్పుడు చేప ఎవర్రా తినేసింది అంటే కూడా అంత త్వరగానే "పిల్లి" అనేవాడు.

అందుకే అమావాస్య రోజు, వేట లేని రోజు, ఎవరికీ చెప్పకుండా బస్సెక్కాను. గిన్నెలో చలిదన్నం, ఉల్లిపాయ, గుడ్డ కట్టి ఒళ్ళో పెట్టుకున్నాను. గేలరీ గుమ్మం దగ్గర కాపలా మనిషి ఆపాడు.

"తాతా, బయటి తిండి లోపలికి తేకూడదు."

"నాకు కాదు."

"మరెవుల్కి?"

"లోపలున్న మనిసికి."

వాడు గిన్నె మూత తీసి వాసన చూసి, ముఖం చిట్లించి వదిలేశాడు. ప్రసూనాంబ ఎవరికో పటం చూపిస్తోంది, నన్ను చూసి లోపలికి వెళ్ళమని చెయ్యి ఊపింది. శివాజీ వసారాలో ఉలి నూరుతున్నాడు. వాణ్ణి పలకరించకుండా లోపలి గదిలోకి వెళ్ళాను.

మూల చిన్న పీట మీద అమ్మ ఉంది. మొదట అన్నం జాడ ఏమీ కనబడలేదు. అనుకున్నంతా అయిందనుకున్నాను. తరవాత వంగి చూస్తే పీట కాలు వెంట ఎర్రచీమలు బారుగా దిగుతున్నాయి. ఒక్కో చీమ నోట ఎండిన మెతుకు ముక్క. ఆ బారు గోడ వెంట పాకి, కిటికీ చెక్క చీలికలో ఎప్పట్నించో కట్టుకున్న పుట్టలోకి పోతోంది. ఒక్క రోజు మెతుకులకి చీమలు అక్కడ కాపురం పెట్టవు.

గిన్నె పీట ముందు పెట్టి, ఉల్లిపాయ నలిపాను. వెనక శివాజీ వచ్చి నిలబడ్డాడు.

"ఇంకా నమ్మనేదేటి తాతా?"

"సీమల్ని నమ్మినాను," అన్నాను. "నిన్నింకా సూడాల."